నాయన పేరు గోడ మీద పెట్టే ముందు: చెన్నైలోని తెలుగు సంఘ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘకాపరి గారికి, కార్యదర్శి, కోశాధికారి గార్లకు, కమిటీ సభ్యులకు, సంఘ పెద్దలందరికీ ప్రభువు పేరిట వందనాలు.

మీరు పంపిన ఉత్తరం అందింది. కొత్తగా కట్టిన హాలుకు మా నాయన పేరు పెట్టాలని, గుమ్మం పక్కన గ్రానైటు పలక మీద ఆయన పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ, కింద 'సంఘానికి మూలస్తంభం' అన్న మాట చెక్కించాలని కమిటీ తీర్మానం చేసినట్టు రాశారు. కుటుంబం తరఫున ఎంత కానుక ఇస్తే బాగుంటుందో కూడా రాశారు. డాలస్‌లో ఉన్న మా అన్న ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. తమ్ముడు ఎటూ చెప్పడం లేదు. చెల్లెలు అందరికీ ఫోన్లు చేసి సర్దిచెప్పే పనిలో ఉంది.

ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోకుండా నలుగురూ చదివేలా రాయడం ఎందుకని మీరు అడగొచ్చు. కమిటీకి కాగితం రాసి ఇచ్చాను, జవాబు రాలేదు. పైగా ఇది మన ఒక్క సంఘంలోనే ఉన్న సమస్య కాదు. అయనావరం, విల్లివాక్కం, వ్యాసార్పాడి వైపు తెలుగు ఆరాధనలకు వెళ్ళే మా చుట్టాలు, స్నేహితులు కూడా తమ దగ్గర ఇలాగే ఉందంటున్నారు. అందుకే పేరుపేరునా కాకుండా అందరు పెద్దలకూ కలిపి రాస్తున్నాను. మన సంఘం పేరు ఇందులో ఎక్కడా రాయను. మీకు తెలుసు, నాకు తెలుసు, అది చాలు.

నేను చెప్పేది ఒక్కటే. మీరు పలక బిగించాలనుకుంటున్న గోడకే ఇప్పుడొక నోటీసు అంటించి ఉంది. మూడేళ్ళుగా చందా కట్టని కుటుంబాల పేర్లు, ఆ ఇళ్ళలో ఎవరైనా చనిపోతే, పాతిపెట్టడానికి సంఘం శ్మశానానికి రాసిచ్చే ఉత్తరం బాకీ తీరేదాకా ఇవ్వబడదన్న గమనిక. ఆ నోటీసు ఉన్న గోడ మీద మా నాయన పేరు వద్దు. ముందు దాన్ని తీసేయండి. 2021లో కట్టడ నిధిలో కలిపేసిన భూస్థాపన నిధిని మళ్ళీ విడదీయండి. పలక సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పటి కమిటీలో చాలామందికి నాయన ముసలాయనగానే తెలుసు. ముందు బల్ల మీద చేతికర్ర పెట్టుకుని కూర్చునేవాడు, ప్రసంగం నలభై నిమిషాలు దాటితే దగ్గేవాడు. (ఆ దగ్గు నిజం దగ్గు కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.) ఆయన పోయాక జరిపిన ఆదరణ కూడికకు మీరు అచ్చు వేయించిన పత్రంలో 'భక్తిగల కుటుంబంలో జన్మించి' అని ఒక్క ముక్కలో ఆయన చిన్నతనాన్ని తేల్చేశారు. నాయన పుట్టింది 1936లో, కావలి దగ్గర ఒక పల్లెలో. ఆ కుటుంబానికి భక్తి ఎలా వచ్చిందో మా చిన్నప్పుడు రైల్లో చెప్పేవాడు.

నెల్లూరు వైపు నుంచి వచ్చే బండి సెంట్రల్‌లో ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగిపోవడం మనందరికీ అలవాటే. అక్కడ నల్లటి నీళ్ళతో, ముక్కు మూసుకోవాల్సిన వాసనతో బకింగ్‌హాం కాలవ ఉంటుంది. "మా ముత్తాత తవ్విన కాలవమ్మా ఇది" అనేవాడు నాయన. నిజానికి ముత్తాత తవ్వింది ఇక్కడ కాదు, ఎక్కడో ఒంగోలు వైపు. నాయనకు కాలవంతా ఒక్కటే.

అది ధాత కరువు నాటి సంగతి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో తిండి లేక లక్షల మంది పోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మనవాళ్ళ నోట క్లౌ దొర, కరువు పని కింద ఆ కాలవలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు ప్రభుత్వం దగ్గర తీసుకున్నాడు. పార పట్టినవాళ్ళకు కూలి ఇచ్చాడు. కానీ కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కావాలని వచ్చి అడిగినవాళ్ళకు కూడా ఇవ్వలేదు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సాయం ఇక లేదని చెప్పాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను మన ప్రసంగీకులు ఇప్పటికీ గొంతు పెంచి చెప్తారు. నాయన మాత్రం సంఖ్య మీద నిలబడేవాడు కాదు, దానికి ముందు ఆపి ఉంచిన నెలల గురించే చెప్పేవాడు. "కూలి డబ్బులు ఒక లెక్క, సంఘం పుస్తకం ఒక లెక్క. రెండూ కలిపితే రెండూ చెడతాయి" అనేవాడు. ఆ మాటకు ఏమిటి అర్థమో మాకు చిన్నప్పుడు తెలియదు. ఇప్పుడు మీకు ఈ ఉత్తరం రాస్తుంటే తెలుస్తోంది.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది, మద్రాసు ఇటే ఉండిపోయింది. అయినా పని ఉన్న చోటికి మనుషులు రావడం మానలేదు. 1955 అక్టోబరు 2న నెహ్రూ చేతుల మీదుగా పెరంబూరులో రైలుపెట్టెల ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) మొదలైంది. ఎస్సెల్సీ పాసైన నాయన కొన్నాళ్ళకే ఐసీఎఫ్‌లో వెల్డింగు పనికి చేరాడు. షెల్ డివిజన్, అంటే రైలుపెట్టెకు బయటి ఇనుప కట్టడం తయారుచేసే చోటు. 1994లో చార్జ్‌మన్‌గా రిటైరయ్యేదాకా అదే డివిజన్. ముంజేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు ఆయన పోయేదాకా ఉన్నాయి. ఫ్యాక్టరీ గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, ఆయన కూడా ఇంటికి వచ్చాక దాని గురించి మాట్లాడేవాడు కాదు.

అప్పట్లో మన తెలుగు ఆరాధనకు రెండు రకాల జనం వచ్చేవారు. రైల్వే, ఐసీఎఫ్ క్వార్టర్ల వాళ్ళు ఒకరు. ఇస్త్రీ చొక్కా, నెల జీతం, పీఎఫ్. రెండోవాళ్ళు కార్పొరేషన్ పారిశుధ్య పనివాళ్ళు. వాళ్ళ తాతల కాలంలోనే తెలుగు పల్లెల నుంచి వచ్చి, ఈ నగరం చెత్త, మురుగు ఎత్తుతూ ఇక్కడే స్థిరపడ్డారు. మొదటివాళ్ళు ముందు బల్లల మీద, రెండోవాళ్ళు వెనక చాపల మీద. ఎవరూ చెప్పకుండానే అలా కూర్చునేవారు. చాపలు పోయి అందరికీ కుర్చీలు రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

1974లో కార్తీక మాసపు వానల్లో, ఓటేరి నాలా పక్కన గుడిసెలో ఉండే ఒక పారిశుధ్య పనివాడు చనిపోయాడు. చందా పుస్తకంలో అతని పేరు లేదు. పేరు లేనివాడికి ఉత్తరం ఎలా ఇస్తామని అప్పటి పెద్దలు అన్నారు. గుడిసెలోకి నీళ్ళు వస్తుంటే శవాన్ని మంచం మీద పెట్టి, మంచం కాళ్ళ కింద ఇటుకలు పేర్చారు. నాయన, ఆయన షిఫ్టులో ఉన్న ముగ్గురు స్నేహితులు కలిసి పాత చెక్క అమ్మే కొట్టుకు వెళ్ళారు. విదేశాల నుంచి యంత్రాలు వచ్చే పెద్ద పెట్టెలను విప్పి ఆ చెక్కను అమ్మేవారట. అది కొని రాత్రికి రాత్రి శవపేటిక చేశారు. నలుగురిలో ఒకరికీ వడ్రంగం రాదు. ఒక పలక మీద ఇంగ్లిషు అక్షరాలు, 'ఇది పై వైపు' అని చూపే బాణం గుర్తు అలాగే ఉండిపోయాయి. ఆ బాణం మనిషి తల వైపు ఉండేట్టు చూసి మేకులు కొట్టానని నాయన చెప్పేవాడు. తెల్లారాక పాస్టర్ గారి ఇంటి ముందు నలుగురూ నిలబడి, ఉత్తరం చేతికి వచ్చేదాకా కదల్లేదు. ఆ పాస్టర్ గారు మంచివారే. కమిటీకి భయపడ్డారంతే.

తర్వాతి ఆదివారం ఆరాధన ముగిశాక నాయన ఒక ఖాళీ బోర్నవిటా డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇంటికి నెలకు ఒక రూపాయి. మీరు ఫైళ్ళలో 'భూస్థాపన నిధి' అని చూసింది అదే. దానికి నాయన పెట్టిన షరతులు మీకు తెలియవనే అనుకుంటున్నాను, తెలిస్తే ఆ నిధిని అంత తేలిగ్గా కలిపేవాళ్ళు కారు. ఆ డబ్బు సంఘం డబ్బుతో కలవకూడదు. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు అడగాల్సిన అవసరం రాకూడదు, మనమే వెళ్ళాలి. రూపాయి వేసినవాళ్ళకూ వెయ్యనివాళ్ళకూ తేడా చూడకూడదు. ఎవరికి ఖర్చుపెట్టామో పేరు రాయకూడదు. పెట్టెకు, బండికి, గుంట తవ్వినవాళ్ళ కూలికి ఇవ్వొచ్చు. భోజనాలకు, షామియానాకు ఇవ్వకూడదు.

ఆ లెక్కల పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. అట్ట చిరిగిన లాంగ్ నోటుబుక్కులు. ఏ పేజీ తీసినా తేదీ, 'ఒక పెట్టె, ఒక బండి, కూలి', పక్కన మొత్తం, కింద నాయన పొడి అక్షరాలు. పేరు మాత్రం ఎక్కడా లేదు. అక్కడక్కడా 'చిన్న పెట్టె' అని ఉంటుంది. ఆ పేజీలు అమ్మ మమ్మల్ని చూడనిచ్చేది కాదు.

తర్వాత నాయన సంఘానికి కోశాధికారి అయ్యాడు. చందా పుస్తకం కూడా మా ఇంటికే వచ్చింది. బాకీ పడిన పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేవాడు. ఆ ఇంట్లో చావు వస్తే, ఉత్తరం రాసే ముందు ఆ బాకీ తన జేబులోంచి కట్టేసి చుక్క చెరిపేసేవాడట. అమ్మ 2003లో పోయింది, పోయే ముందు ఆసుపత్రిలో ఈ సంగతి చెప్పింది. కొన్ని క్రిస్మస్‌లకు మాకు కొత్త బట్టలు ఎందుకు లేవో అప్పటిదాకా మాకు తెలియదు. దీన్ని మీరు గొప్పగా చెప్పుకోవాలని రాయడం లేదు. అలా జేబులోంచి కట్టడం సరైన పద్ధతి కూడా కాదు, ఇంట్లో పిల్లల్ని అడిగి చేసింది కాదు. ఉత్తరానికీ చందాకూ ముడి ఉన్నంత కాలం ఎవరో ఒకరు ఇలా దొంగచాటుగా మంచి చేయాల్సి వస్తుంది, అదీ నా బాధ.

ఇంకో సంగతి చెప్పాలి. మీకు నచ్చకపోవచ్చు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాళ్ళకు షెడ్యూల్డు కులం హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు తమిళనాడులో బీసీలు, ఆంధ్రలో బీసీ-సి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో వెనకబడిన తరగతుల రిజర్వేషన్ అమల్లోకి వచ్చిందే 1993లో. అంటే నాయన ఉద్యోగకాలం దాదాపు అంతా ఏ కోటాలోనూ లేకుండా గడిచిపోయింది. ఆయనతో పాటు ఒకే పల్లె నుంచి, ఒకే వీధి నుంచి వచ్చి, కాగితాల మీద హిందువులుగా ఉన్నవాళ్ళు ఆయన కంటే ముందు ప్రమోషన్లు అందుకున్నారు. నాయన మతం అన్న గడిలో 'క్రైస్తవుడు' అనే రాశాడు. మా నలుగురి టీసీల్లోనూ అదే రాయించాడు. "ఒక్క మాట మార్చి రాస్తే అన్నకు ఇంజినీరింగు సీటు వస్తుంది" అని అమ్మ ఏడ్చి అడిగింది. రాయలేదు. అన్న ఆ కోపాన్ని చాలా ఏళ్ళు మోశాడు. ఇవాళ పలకకు డబ్బు పంపుతానంటున్నది ఆ అన్నే. మనుషులు మారతారేమో, లేదా వయసు మీద పడుతుందేమో.

తన విషయంలో అంత పట్టుబట్టిన మనిషి, కాగితం మీద హిందువుగా ఉండి ఆదివారం మన మధ్య కూర్చునేవాళ్ళ గురించి ఒక్క మాట అనలేదు. మీలో కొందరు వాళ్ళను 'రెండు పడవల వాళ్ళు' అని ఎగతాళి చేయడం విన్నాను. నాయన ఎదురుగా ఎవరైనా అలా అంటే, "వాడి బిడ్డ చదువు ఫీజు నువ్వు కడతావా?" అని అడిగేవాడు. ఆ తర్వాత వాళ్ళు నోరెత్తేవాళ్ళు కాదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి వెళ్తూ హిందువునని చెప్పి ఎస్సీ సర్టిఫికెట్ కోరడం కుదరదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మంచిదా చెడ్డదా అని ఇక్కడ వాదించను. కానీ మన వెనక వరుసల్లో కూర్చునేవాళ్ళలో కొందరికి చర్చి పుస్తకంలో పేరు రాయించుకోవాలంటేనే టెన్షన్ పట్టుకుంది. అలాంటి సమయంలో మీరు నోటీసు బోర్డు మీద ఇంటి పేర్లతో సహా జాబితా అంటించారు. నాయన తన పుస్తకంలో పేర్లు ఎందుకు రాయలేదో ఒకసారి ఆలోచించండి.

నాయనను దేవదూతను చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. ఇంట్లో ఆయనతో బతకడం కష్టంగానే ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థన. ఇంటికి చుట్టాలొచ్చినా, పరీక్షలున్నా, ఒంట్లో బాగోలేకపోయినా మానేది లేదు. ఒక్కొక్కరూ ఒక వాక్యం చూడకుండా చెప్పాలి. చెల్లెలు మోకాళ్ళ మీదే నిద్రపోయేది. సినిమా హాలు మెట్టు మమ్మల్ని ఎక్కనివ్వలేదు, ఎదురింటి వాళ్ళ రేడియోలో పాటలు విని నేర్చుకున్నాం. ఆడవాళ్ళు సంఘ పెద్దలుగా ఉండకూడదని చివరిదాకా అన్నాడు. ఈ విషయంలో నేను ఆయనతో ఎప్పుడూ ఏకీభవించలేదు, ఇప్పుడూ లేదు. ఇలా కమిటీకి ఒక ఆడమనిషి ఉత్తరం రాయడం కూడా ఆయనకు నచ్చకపోవచ్చు. తమ్ముడు ఒక హిందూ అమ్మాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకుంటే, వాడితో మాట్లాడటమే మానేశాడు. ఆ అమ్మాయి తండ్రి చనిపోయిన రోజున మాత్రం ఎవరూ పిలవకుండానే వెళ్ళాడు. పాడె కట్టడానికి వెదురు పట్టుకున్నాడు, శ్మశానం దాకా నడిచాడు, మంట ఆరేదాకా దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కోడలితో మాటలు అక్కడే మొదలయ్యాయి. "అంత చాదస్తుడికి ఇది ఎలా కుదిరింది?" అని నేను అడిగితే, "చావుకు కమిటీ ఉండదమ్మా" అన్నాడు.

మనవళ్ళ దగ్గర మాత్రం మెత్తబడ్డాడు. 2006 చట్టం తర్వాత బడుల్లో ఒకటో తరగతి నుంచి వరసగా తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. మా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాయన వాళ్ళ కోసం తెలుగు వాక్యాలను తమిళ అక్షరాల్లో రాసి ఇచ్చేవాడు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కదా, పిల్లలు చదివే తీరుకు ఇల్లంతా నవ్వులే. అలా నవ్వినా ప్రార్థనలో తప్పు లేదని డెబ్భై ఏళ్ళ వయసులో ఒప్పుకున్నాడు. మా చిన్నప్పుడు నవ్వితే చెవి మెలిపెట్టిన మనిషి!

ఇక అసలు విషయానికి వస్తాను. పోయిన వేసవిలో మన సంఘం ఆవిడ ఒకరు చనిపోయారు. వీధి మలుపులో తోపుడు బండి మీద ఇడ్లీ, ఆపం అమ్మి కొడుకును పెంచిన మనిషి. ఆ అబ్బాయి ఆటో నడుపుతాడు. చందా బాకీ ఉందని ఉత్తరం ఆపారు. శవం రెండు రాత్రులు ఫ్రీజర్ బాక్సులో ఉంది. ఆ బాక్సుకు రోజు అద్దె, కరెంటు పక్కింటివాళ్ళది. అబ్బాయి ఆటో ఆర్సీ బుక్కు తాకట్టు పెట్టి బాకీ తీర్చాక ఉత్తరం చేతికిచ్చారు. ఆ రసీదు నేను చూశాను. ఒక వరుసలో చందా బాకీ, దాని కింద కట్టడ నిధికి కానుక. తల్లి శవం ఇంట్లో పెట్టుకున్నవాడి దగ్గర తీసుకున్న దాన్ని కానుక అని ఎలా రాశారు?

ఆవిడ ఇంట్లో ఏం జరిగిందో నాకు మూడో రోజు గానీ తెలియలేదు. భూస్థాపన నిధి విడిగా ఉండి ఉంటే తెలిసేది, ఎందుకంటే దాన్ని చూసేవాళ్ళు కబురు వినగానే బయల్దేరి వెళ్ళేవాళ్ళు. డబ్బు కంటే ఆ వెళ్ళడమే ముఖ్యం. డబ్బును కట్టడ నిధిలో కలిపారు సరే, ఆ వెళ్ళే పనిని ఎవరికి అప్పగించారు?

మీ వాదన నాకు తెలియనిది కాదు. చందా కట్టకపోతే కరెంటు బిల్లు, పాస్టర్ గారి జీతం, పై సంస్థకు ఇవ్వాల్సిన వాటా ఎక్కడ నుంచి తేవాలి? ఇది న్యాయమైన ప్రశ్నే. నాయన కూడా కోశాధికారిగా ఇంటింటికీ తిరిగి చందా అడిగిన మనిషే, మొహమాటం లేకుండా అడిగేవాడు. బతికున్నవాళ్ళ ఇంటికి వెళ్ళి అడగండి, ఎన్నిసార్లయినా అడగండి. కమిటీ ఎన్నికల్లో బాకీదారుకు ఓటు లేదని చెప్పండి, ఎవరూ కాదనరు. శవం దగ్గర మాత్రం వసూలు వద్దు. ఆ సమయంలో ఎవరూ కాదనలేరని తెలిసి చేసే వసూలు అది.

కొందరు బతికున్నప్పుడు గుడి గడప తొక్కరు, చచ్చాక మాత్రం చర్చి కావాలంటారు అని కార్యదర్శి గారు ఒకసారి అన్నారు. అలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళను ఏం చేయాలి మరి? కీల్పాక్ శ్మశానంలో కొత్త గుంటకు చోటు దొరకడమే గగనం. నాయనను కూడా అమ్మ గుంటనే తెరిచి అందులో పెట్టాం. చోటు లేని బాధ నాకూ తెలుసు. కానీ ఆ కొరతను చందా పుస్తకం తీర్చలేదు. బాకీ కట్టిన మర్నాడు అదే మనిషికి చోటు దొరికిందంటే, అంతకుముందు రోజు అడ్డం పడింది శ్మశానం కాదుగా.

ఆడిట్ గురించి కూడా అన్నారు. పేర్లు లేని ఖర్చును ఆడిటర్ ఒప్పుకోడని. వోచర్లకు నంబర్లు వేయండి, ఏ నంబరు ఎవరిదో ఒక కవరులో పెట్టి సీలు వేసి పాస్టర్ గారి దగ్గర ఉంచండి, ఆడిటర్ అడిగితే ఆయనకు చూపించండి. వార్షిక నివేదికలో మొత్తం మాత్రం వేయండి. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ఇది పెద్ద చిక్కేమీ కాదు.

కాబట్టి చేయాల్సింది ఇది. నోటీసు తీసేయాలి, మళ్ళీ ఎక్కడా, వాట్సాప్ గ్రూపులో కూడా, అలాంటి జాబితా పెట్టకూడదు. చావు కబురు వచ్చిన గంటలో, చందా పుస్తకం తెరవకుండా, కుల ధ్రువపత్రం అడగకుండా ఉత్తరం ఇవ్వాలి. 2021లో ఎంత మొత్తం కలిపారో అంతా నిధికి తిరిగి ఇవ్వాలి. ఒకేసారి కుదరకపోతే వాయిదాల్లో ఇవ్వండి, హాలు కట్టి చేతిలో డబ్బు లేదని తెలుసు. దానికి వేరే బ్యాంకు ఖాతా ఉండాలి, సంతకాలు చేసేవాళ్ళలో ఒకరు వెనక వరుసల కుటుంబాల నుంచి ఉండాలి. ఇంకొకరు ఆడమనిషి అయితే మేలు. (ఈ చివరిది నాయన పెట్టిన షరతు కాదు, నాది.) ఆ ఆటో అబ్బాయి దగ్గర తీసుకున్న డబ్బు అతనికి వెనక్కి ఇవ్వాలి. అతను అడగలేదు. అడగడు కూడా.

ఇవి జరిగితే హాలు కానుకకు అన్న అనుకున్న మొత్తాన్ని నిధికి ఇచ్చేలా నేను మాట్లాడతాను. అన్న కాదంటే నా వంతు నేను ఇస్తాను. పలక కావాలని అప్పటికీ మీకు అనిపిస్తే పేరు చిన్నదిగా వేయండి, 'మూలస్తంభం' అన్న మాట తీసేయండి. ఆయన వెల్డరు, అది రాయండి చాలు. ఇవి జరగకపోతే హాలుకు ఇంకెవరి పేరైనా పెట్టుకోండి. మా నాయన పేరు వాడుకోవడానికి మా కుటుంబంలో కనీసం ఒకరు ఒప్పుకోలేదని మినిట్స్ పుస్తకంలో రాయమని కోరుతున్నాను.

నిధి పాత లెక్కలు చూడాలనుకుంటే కోశాధికారి గారు ఎప్పుడైనా రావచ్చు. సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లోనే ఉంటాను. నోటుబుక్కులు మా ముందు గదిలో బల్ల మీద పెడతాను, కూర్చుని చూసుకోవచ్చు, రాసుకోవచ్చు. పుస్తకాలు మాత్రం ఇల్లు దాటనివ్వను, ఫోటోలు కూడా తీయనివ్వను.

వందనాలతో,
పెరంబూరు నుంచి
మీ సంఘ సభ్యురాలు
(చందా ఈ నెల దాకా కట్టాను, రసీదు ఉంది)